గ్రానైట్‌లో పలుగు చారలు, పచ్చటి పగుళ్లు: ఇవన్నీ ఒకే నీటి గుర్తులేనా?

ప్రశ్న: గుత్తి టీచర్

అందరికీ నమస్కారం. నేను గుత్తి ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. భూగర్భశాస్త్రం నా సబ్జెక్టు కాదు కాబట్టి తెలిసినవారిని అడుగుతున్నాను. మా ఊరి పక్కన పని ఆగిపోయిన ఒక గ్రానైట్ క్వారీ ఉంది. అక్కడ రాయిని నిలువుగా కోసి వదిలేసినందువల్ల లోపల ఉన్నదంతా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గోడ మీద మూడు రకాల చారలు ఉన్నాయి. మొదటిది జానెడు వెడల్పున్న ముతక పట్టీ. అందులో గులాబీ రంగు ఫెల్‌స్పార్, పలుగు (క్వార్ట్జ్), కాకిబంగారం (అభ్రకం) రేకులు చుట్టూ ఉన్న రాతిలోకంటే ఎన్నో రెట్లు పెద్దవిగా ఉన్నాయి. దాని అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పలేనంతగా పక్క రాతిలో కలిసిపోయింది. రెండవది అచ్చమైన తెల్ల పలుగు చార. దాని అంచులు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి. మూడవది వెంట్రుక మందంలో పచ్చటి పగులు. దానికి రెండు పక్కలా రెండు వేళ్ల మేర రాయి ఎర్రబడి ఉంది.

కరిగిన శిల నేల లోతున నెమ్మదిగా చల్లారితే గ్రానైట్ అవుతుందని పిల్లలకు చెబుతాం. అయితే ఇలాంటి చారలన్నీ వేడి నీటి పనేనని చాలా చోట్ల చదివాను. వందల డిగ్రీల వేడిలో కరిగిన రాతికీ నీటికీ సంబంధం ఏమిటి, అంత లోతుకు ఆ నీరు ఎక్కడి నుంచి వచ్చింది, ఈ మూడూ ఒకే నీటి గుర్తులా, వేర్వేరువా? దయచేసి వివరించగలరు.

జవాబు 1: విశ్రాంత అధ్యాపకుడు, అనంతపురం

మేడమ్ గారూ, మీరు గోడను చూసిన తీరు చాలా బాగుంది. ముఖ్యంగా అంచుల తేడాను గమనించడం వల్ల సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది.

గ్రానైట్ సాధారణంగా పాత భూపటలమే లోతున కరగడం వల్ల పుడుతుంది. పలుగు, ఫెల్‌స్పార్ ఉన్న రాయి చుక్క నీరు కూడా లేకుండా కరగాలంటే దాదాపు 950 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన వేడి కావాలి. అదే రాయికి 15 కిలోమీటర్ల లోతులోని ఒత్తిడి కింద నీరు తగిలితే 650 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. మంచుగడ్డ మీద ఉప్పు చల్లితే అది ఇంకా తక్కువ ఉష్ణోగ్రతలోనే కరిగిపోతుందని మీరు తరగతిలో చూపిస్తారు కదా, ఇక్కడ ఉప్పు చేసే పనిని నీరు చేస్తుంది. టటిల్, బోవెన్ అనే శాస్త్రవేత్తలు 1958లో ప్రచురించిన ప్రయోగాలతో ఈ విషయం స్థిరపడింది.

మరి ఆ నీరు ఎక్కడిది? పైనుంచి ఇంకినది కాదు. అంత లోతులో రాతి సందులు దాదాపు పూర్తిగా మూసుకుపోయి ఉంటాయి కాబట్టి విడి నీరు నిలవడానికి చోటే ఉండదు. ఉన్న నీరంతా ఖనిజాల నిర్మాణంలోనే బందీగా ఉంటుంది. అభ్రకంలో బరువులో సుమారు 4 శాతం, హార్న్‌బ్లెండ్‌లో 2 శాతం నీరే. రెండు భూఖండాలు ఢీకొని పర్వతశ్రేణి లేచినప్పుడు భూపటలం మందం 60, 70 కిలోమీటర్లకు పెరుగుతుంది, లోపలి పొరలు క్రమంగా వేడెక్కుతాయి, తెల్ల అభ్రకం 700 నుంచి 750 డిగ్రీల దగ్గర, నల్ల అభ్రకం 800 డిగ్రీలు దాటాక విడిపోతాయి. అలా విడుదలైన నీరు ఆవిరై బయటకు పోదు, అక్కడికక్కడే పుట్టిన శిలాద్రవంలో కరిగిపోతుంది. హిమాలయాల్లో సుమారు రెండున్నర కోట్ల నుంచి ఒకటిన్నర కోట్ల సంవత్సరాల కిందట పుట్టిన తెల్లటి గ్రానైట్లు చాలావరకు ఈ విధంగా ఏర్పడినవే. మన అనంతపురం నేలలోని గ్రానైట్లలో ఎక్కువ భాగం వయసు 270 కోట్ల నుంచి 250 కోట్ల సంవత్సరాలు. అప్పటి కొండలు అరిగి అరిగి, ఒకనాడు కిలోమీటర్ల లోతున ఉన్న భాగం ఈరోజు మన కాళ్ల కింద ఉంది. జిల్లాకు ఆనుకుని ఉన్న పావగడ కొండ, కర్ణాటకలో దక్షిణం నుంచి ఉత్తరానికి దాదాపు 400 కిలోమీటర్లు సాగే క్లోజ్‌పేట గ్రానైట్‌లో భాగం. దాని వయసు సుమారు 252 కోట్ల సంవత్సరాలు. దాని పుట్టుకలో భూప్రావారం (భూపటలం కింది పొర) నుంచి లేచిన శిలాద్రవానికీ పెద్ద పాత్ర ఉంది కనుక, అభ్రకం విడిపోవడం ఒక్కటే కారణమని అనలేం.

ఇప్పుడు మీ మొదటి పట్టీ సంగతి. ఏడు కిలోమీటర్ల లోతులో గ్రానైట్ ద్రవం 6 శాతం వరకు నీటిని తనలో ఇముడ్చుకోగలదు. చల్లారుతున్న కొద్దీ ఏర్పడే పలుగు, ఫెల్‌స్పార్ స్ఫటికాలు నీటిని తీసుకోవు, అందువల్ల మిగిలిన ద్రవంలో నీరు, దానితోపాటు బోరాన్, ఫ్లోరిన్, లిథియం వంటివి పోగుపడుతూ వస్తాయి. ఆ చివరి ద్రవం పలచగా ఉంటుంది, అందులో స్ఫటికాల మొలకలు తక్కువగా పుడతాయి, పుట్టినవాటికి కావలసిన పదార్థం త్వరగా చేరుతుంది, అందుకే అవి అంత పెద్దవిగా పెరుగుతాయి. దీనినే పెగ్మటైట్ అంటారు. పక్క రాయి ఇంకా వేడిగా, పూర్తిగా గట్టిపడకుండా ఉన్నప్పుడే ఇది ఏర్పడింది కాబట్టి అంచు కలిసిపోయింది. అంటే ఇది ఆ గ్రానైట్ సొంత నీరు. తెల్ల పలుగు, పచ్చ పగులు కూడా ఇదే నీరు ఇంకా చల్లారి చేసిన పని కావచ్చు.

జవాబు 2: ఖనిజాన్వేషణలో పనిచేసినవాడిని, కడప

సార్ చెప్పినదంతా సరైనదే గాని, చివరి వాక్యంతో నేను ఏకీభవించలేను. గ్రానైట్‌లో ఏ చార కనిపించినా దాన్ని ఆ గ్రానైట్ పుట్టుకకే ముడిపెట్టే అలవాటు మన దగ్గర ఎక్కువగా ఉంది, దాని వల్ల కోట్ల సంవత్సరాల తేడాలు చెరిగిపోతున్నాయి.

అంచు తిన్నగా ఉందంటే చార ఏర్పడేటప్పటికే రాయి గట్టిపడి, పగిలే స్థితికి వచ్చిందన్నమాట. వేడి నీటిలో కరిగిన సిలికా, ఉష్ణోగ్రత, ఒత్తిడి తగ్గిన చోట పలుగుగా దిగిపోతుంది. ఆ నీరు గ్రానైట్‌దే కానక్కర లేదు. రామగిరి బంగారు గనుల్లోని పలుగు చారలను తీసుకోండి. ఇలాంటి బంగారం తెచ్చే నీరు 250 నుంచి 400 డిగ్రీల వేడిలో, ఉప్పు తక్కువగా, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి ఉంటుంది; పర్వతాలు లేచేటప్పుడు నలిగి వేడెక్కిన షిస్ట్ అనే, రేకులుగా చీలే శిలల నుంచి అది బయటపడి, రాయి నలిగిన కోత మండలాల వెంట పైకి వస్తుందని చాలామంది అభిప్రాయం. అందులో గ్రానైట్ వాటా ఎంత అన్నదానిపై వాదన ఇంకా ఉంది. కర్నూలు జిల్లా జొన్నగిరిలో బంగారం ఉన్న చారలు గ్రానోడయోరైట్‌నే (గ్రానైట్‌ను పోలిన శిల) కోస్తూ పోతాయి, కాబట్టి అక్కడ రాయి ముందు, బంగారం తెచ్చిన నీరు తర్వాత.

పచ్చ పగులు సంగతి ఇంకా వేరు. ఆ పచ్చదనం చాలావరకు ఎపిడోట్ అనే ఖనిజం అయి ఉంటుంది. ఫెల్‌స్పార్‌లోని కాల్షియం వేడి నీటితో కలిసి మారినందువల్ల అది ఏర్పడుతుంది. పక్కన ఎర్రబడటానికి ఫెల్‌స్పార్‌లో చేరిన అతి సన్నని హెమటైట్ (ఇనుము ఆక్సైడ్) రేణువులు కారణం. ఇటువంటి నీరు గ్రానైట్ చల్లారిన ఎంతో కాలానికి కూడా రావచ్చు. రుజువు మా దగ్గరే ఉంది. రాయచోటి నుంచి కడపకు గువ్వలచెరువు ఘాట్ మీదుగా వస్తే (కోవా కోసం ఆగేవారు రోడ్డు పక్క రాతిని కూడా ఒకసారి చూడాలని నా కోరిక), కింద గ్రానైట్ నేల, పైన పొరలుగా ఉన్న క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి గట్టిపడిన శిల) కొండ. గ్రానైట్‌కూ దాని మీది కడప బేసిన్ (పాత పల్లపు ప్రాంతంలో పేరుకున్న అవక్షేపాల) పొరలకూ మధ్య ఐదారు పదుల కోట్ల సంవత్సరాల వ్యవధి ఉంది. ఈలోగా పైనున్నదంతా అరిగి, గ్రానైట్ నేల పైకి వచ్చి, దాని మీద ఇసుక పేరుకుంది. పాపాఘ్ని ఒడ్డున గండి ప్రాంతంలో ఆ క్వార్ట్‌జైట్‌లోని పగుళ్ల వెంట కూడా వేడి నీరు నడిచి యురేనియం ఖనిజాన్ని వదిలింది. ఆ బేసిన్ అంచున గ్రానైట్ పగుళ్లలోనూ యురేనియం ఉంది. పై పొరను కోసిన నీరు ఆ పొరకంటే వయసులో చిన్నదే అవుతుంది, అప్పటికి గ్రానైట్ సొంత నీరు ఎప్పుడో అయిపోయింది.

అందువల్ల మేడమ్ గారు గోడ దగ్గరకు మళ్లీ వెళ్లి ఒక్క విషయం చూడాలి: ఏది దేన్ని కోస్తోంది? దగ్గరలో నల్లటి డోలరైట్ డైకు (పగులులోకి శిలాద్రవం చొచ్చుకొచ్చి గట్టిపడిన గోడ లాంటి రాయి) ఉంటే, పచ్చ పగులు దానిలోకి కూడా పోతోందో లేదో చూడండి. మన ప్రాంతపు డైకుల్లో చాలావాటి వయసు 237 కోట్ల సంవత్సరాల చుట్టుపక్కల ఉంటుంది. అయితే అన్నీ అదే వయసువి కావు.

జవాబు 3: పాలిష్ యూనిట్, తాడిపత్రి

శాస్త్రం నాకు అంతగా తెలియదు గాని, ఈ మూడు చారలతో రోజూ పని ఉంటుంది. క్వారీలో బ్లాకు కొనే ముందు దాని మీద నీళ్లు పోసి ఆరనిస్తాం. మిగతా రాయి ఆరిపోయినా పచ్చ గీత వెంట తడి నిలుస్తుంది, ఆ బ్లాకును పలకలుగా కోస్తే అక్కడే విడిపోతుంది, అందుకే వదిలేస్తాం. ముతక పట్టీ ఉన్న రాయి విరగదు, రంగు కలవదన్న కారణంతో ధర తగ్గుతుంది, అంతే. పైన ఇద్దరూ చెప్పిన దానికి ఇది సరిపోతోంది. గట్టిపడక ముందు వచ్చిన చార రాయితో ఒకటైపోయింది, పగిలిన తర్వాత వచ్చినది అతుకుగానే మిగిలింది.

గుత్తి టీచర్

ముగ్గురికీ కృతజ్ఞతలు. మళ్లీ వెళ్లి చూశాను. తెల్ల పలుగు ముతక పట్టీని కోస్తోంది, పచ్చ పగులు ఆ రెండింటినీ కోస్తోంది. డైకు కూడా దొరికింది, పచ్చ పగులు దానిలోకి స్పష్టంగా వెళ్తోంది. ఇంకొక సందేహం. అంత పాత నీటి ఉష్ణోగ్రత, అందులో కార్బన్ డయాక్సైడ్ ఉందన్న సంగతి ఎలా తెలుస్తుంది?

జవాబు 1: విశ్రాంత అధ్యాపకుడు, అనంతపురం

పచ్చ పగులు డైకులోకి వెళ్తోందంటే కడప మిత్రుడి మాటే నిలిచింది. ఆ నీరు మీ గ్రానైట్‌ది కాదు.

పలుగు పెరిగేటప్పుడు చుట్టూ ఉన్న ద్రవాన్ని అక్కడక్కడా తన లోపల బంధించేస్తుంది. పలుగు చార తెల్లగా కనబడటానికి తరచూ కారణం లెక్కలేనన్ని ఈ సూక్ష్మ బిందువులే. ఇంగ్లండ్‌కు చెందిన హెన్రీ సోర్బీ 1858లోనే వీటిని సూక్ష్మదర్శినిలో పరిశీలించి, ద్రవం చల్లారి ముడుచుకున్నందువల్ల లోపల బుడగ ఏర్పడిందనీ, మళ్లీ వేడి చేసి బుడగ మాయమయ్యే ఉష్ణోగ్రతను చూస్తే అది చిక్కుకున్నప్పటి వేడి అంచనాకు వస్తుందనీ చెప్పారు. ఒత్తిడికి దిద్దుబాటు చేసి నేటికీ ఆ పద్ధతినే వాడుతున్నాం. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న బిందువులో నీటి లోపల ద్రవ రూపంలో అది, దాని లోపల వాయు బుడగ, అలా ఒకదానిలో ఒకటి కనిపిస్తాయి. ఆ వాయువు సందిగ్ధ ఉష్ణోగ్రత, అంటే దాటితే ద్రవం, వాయువు అన్న తేడా మిగలని ఉష్ణోగ్రత, 31 డిగ్రీలు. మే నెలలో అనంతపురం గదిలో కూర్చుని చూస్తే లోపలి బుడగ కనిపించదు. సూక్ష్మదర్శిని కింది పలుగు పలకను కాస్త చల్లబరిస్తే కళ్ల ముందే పుడుతుంది. భౌతికశాస్త్రం చెప్పే మీకు ఇది నచ్చుతుందని నమ్ముతున్నాను.

జవాబు 2: ఖనిజాన్వేషణలో పనిచేసినవాడిని, కడప

ఒక జాగ్రత్త చెప్పాలి. ఒకే పలుగు చారలో వేర్వేరు కాలాల బిందువులు ఉంటాయి. స్ఫటికంతోపాటు చిక్కినవి వేరు, తర్వాత పగిలి మళ్లీ అతుక్కున్న గీతల వెంట వరుసగా చిక్కినవి వేరు. రెండింటినీ కలిపి కొలిస్తే వచ్చే అంకెకు అర్థం లేదు. ఇక మేడమ్ గారు కనుక్కున్నది వరుస క్రమం మాత్రమే, వయసు కాదు. వయసు కావాలంటే చారలోనే నీటితో పుట్టిన ఖనిజం, అంటే టైటనైట్, మోనజైట్ లేదా తెల్ల అభ్రకం వంటిది దొరకాలి. మొదటి రెండింటిలో యురేనియం సీసంగా మారిన లెక్క, అభ్రకంలో పొటాషియం నుంచి పుట్టిన ఆర్గాన్ లెక్క పనికొస్తాయి. మీ డైకు వయసు తేలితే పచ్చ పగులు అంతకంటే చిన్నదని చెప్పవచ్చు, కాబట్టి డైకు ముక్క, పగులు దాటిన చోట ఫోటో, డైకు సాగే దిక్కు ముందుగా రాసి పెట్టుకోండి.