విమర్శకుల పట్ల రచయిత వైఖరి: జవాబు 2నా, 3నా?

అమీర్‌పేట_క్యాట్: క్యాట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) మాక్ టెస్టులో వచ్చిన పాసేజీ సారాంశం: "హైదరాబాద్ జంట జలాశయాల చుట్టూ కట్టడాలను నియంత్రించే 1996 నాటి 111 జీవో వల్ల 84 గ్రామాల రైతుల భూములకు ధర పడిపోయిందన్న విమర్శకుల మాట కాదనలేనిది. అయితే జీవోనే ఎత్తేయమనడం తొందరపాటు. గండిపేట, హిమాయత్‌సాగర్ల చుట్టూ 10 కిలోమీటర్లలో కట్టడాలు లేస్తే చెరువుల్లోకి నీరే రాదు." విమర్శకుల పట్ల వైఖరి? 1) ఎగతాళి 2) పాక్షిక అంగీకారం 3) పూర్తి తిరస్కారం 4) తటస్థత. కీ 2 అంటోంది.

మూసీవాసి: 3. "అయితే" తర్వాత వచ్చేదే అసలు మాట. ముందుది మర్యాదకి.

వర్బల్_గది: కాదండీ. జీవో మీద అభిప్రాయం అడగలేదు, విమర్శకుల గురించి అడిగారు. ముందు ఏ మాట విమర్శకులది, ఏది రచయితది అన్నది విడదీయాలి. తర్వాత వాళ్ల వాదనని మూడు ముక్కలు చేయాలి: ఫిర్యాదు, కారణం, అడిగిన పరిష్కారం. మొదటి రెండూ ఒప్పుకుని మూడోదే కొట్టేశాడు. "పూర్తి" అనగానే 3 పోయింది. తొందరపాటు అన్నవాడు తటస్థుడు కాడు కాబట్టి 4 పోయింది. ఎగతాళి చేసే మాటే లేదు, 1 కూడా పోయింది.

నల్లకుంట: కీ వచ్చేసిందిగా, ఇంకెందుకు?

మూసీవాసి: కీలు మారతాయి. ఒక కోచింగ్ సెంటర్ ఇలాంటి ప్రశ్నకే మార్కులు కోసేసి, గొడవ చేస్తే తిరిగి కలిపింది.

వర్బల్_గది: అది వేరే పాసేజీ. ఇందులో తిరస్కారం ఏ వాక్యంలో ఉందో చూపించండి.

మూసీవాసి: "తొందరపాటు"! 1996 నుంచి ఆగినవాళ్లకి తొందరా? మా ఊరు ఆ 84లో ఒకటి. నష్టం నిజమేనంటూ పరిహారం ఊసెత్తనివాడు మాతో ఏకీభవించినట్టా?

వర్బల్_గది: అదీ మీ బాధ. పరిహారం మాట రాకపోవడం అతని వాదనలో పెద్ద లోపమే. "వాదనని బలహీనపరిచేదేది" అని అడిగుంటే అదే జవాబు. ఇక్కడ అడిగింది అతని వైఖరి, అతను న్యాయంగా ఉన్నాడా అని కాదు. మనకి బాగా తెలిసిన విషయం వచ్చినప్పుడే ఇలా జారిపోతాం.

మూసీవాసి: వదిలేసిందీ వైఖరే.

వర్బల్_గది: రాయనిదాన్ని లెక్కేస్తే ఏ పాసేజీకైనా 3 పెట్టొచ్చు. క్యాట్‌లో ఒప్పుకి 3 మార్కులు, తప్పుకి 1 కోత. 40 నిమిషాల్లో 24 ప్రశ్నలు, పాసేజీ దాటి వెతికే తీరిక ఎక్కడిది?

అమీర్‌పేట_క్యాట్: "సానుభూతి లేని అంగీకారం" అని ఆప్షన్ ఉంటే?

మూసీవాసి: కళ్లు మూసుకుని పెడతా.

వర్బల్_గది: నేను పెట్టను. "కాదనలేనిది" అన్నాడు. అందులో సానుభూతి ఉందనీ లేదనీ చెప్పే వాక్యం ఒక్కటీ లేదు.