గన్నవరం నుంచి కడపకు విమానం గాలిలో ఉండేది ఎన్ని నిమిషాలు?

అమ్మను విజయవాడ నుంచి కడపకు విమానంలో తీసుకెళ్లాలి. ఆమెకు విమానం దిగేటప్పుడు చెవి దిబ్బడ వేసి విపరీతమైన నొప్పి వస్తుంది. విమానం కిందికి దిగడం మొదలవడానికి అరగంట ముందు ముక్కులో చుక్కల మందు వేయాలని డాక్టర్ చెప్పారు. ఆ సమయం ఎప్పుడన్నదే తేలడం లేదు.

మ్యాప్‌లో కొలిస్తే రెండు విమానాశ్రయాల మధ్య సూటి దూరం సుమారు 310 కిలోమీటర్లు. ఈ మార్గానికి వాడే ఏటీఆర్-72 పూర్తి వేగం అందుకున్నాక గంటకు దాదాపు 500 కిలోమీటర్లు వెళ్తుంది. ఆ లెక్కన 40 నిమిషాలు కూడా పట్టకూడదు. టికెట్ మీద మాత్రం గంటకు పైగా ఉంది. అందులో రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లే సమయం, దిగాక ఆగే చోటికి చేరే సమయం కూడా కలిసి ఉంటాయని తెలుసు. పైగా గన్నవరం రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. తూర్పు వైపు ఎగిరితే చుట్టు తిరిగి రావాలి కదా, దానికి ఎంత పడుతుందో నాకు అంతుపట్టలేదు.

దూరాలు చూపే వెబ్‌సైట్లు ఒక్కోటి ఒక్కో సమయం చెబుతున్నాయి. విమాన సంస్థకు ఫోన్ చేస్తే టికెట్ మీది సమయాన్నే మళ్లీ చదివి వినిపించారు. ప్రయాణం ముప్పావు గంటే అయితే ఎక్కడానికి ముందే మందు వేయాలి, గంట అయితే ఎగిరాక వేయవచ్చు. అమ్మ బాధ చూడలేక ఇంతగా అడుగుతున్నాను.

ఈ మార్గంలో ఏటీఆర్‌లో వెళ్లినవారు దయచేసి చెప్పండి: చక్రాలు నేల విడిచిన ఎన్ని నిమిషాలకు విమానం కిందికి దిగడం మొదలుపెట్టింది?