ఎండోమెట్రియోసిస్: కోత లేకుండా స్కాన్‌తోనే తెలుస్తుందా?

శైలు, రెడింగ్:
నాకు 29 ఏళ్లు. పద్నాలుగో ఏట నుంచీ నెలసరి వచ్చిందంటే రెండు రోజులు మంచం దిగలేను. అమ్మ వాము నీళ్లు ఇచ్చి, "పెళ్లయితే అదే తగ్గుతుంది" అనేది. పెళ్లయి నాలుగేళ్లు, తగ్గలేదు. అల్ట్రాసౌండ్, ఎమ్మారై రెండూ నార్మల్. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది దాని బయట పెరిగే జబ్బు) ఉందేమోనని డాక్టర్ ల్యాపరోస్కోపీ, అంటే పొట్ట మీద చిన్న గాట్లు పెట్టి కెమెరాతో చూసే ఆపరేషన్, చేసి చూద్దామంటున్నారు. మత్తు అంటేనే నాకు భయం. ఆక్స్‌ఫర్డ్‌లో ఏదో ఇంజెక్షన్ ఇచ్చి స్కాన్ తీస్తే ఈ జబ్బు కనబడుతోందని చదివాను. మాకు రైల్లో అరగంట. అది చేయించుకుంటే కోత తప్పుతుందా?

గామాకెమెరా, హైదరాబాద్:
శైలు గారూ, నేను న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టుని. ఆ మందు పేరు మారాసిక్లటైడ్. జబ్బు అంటుకున్న చోట కొత్త రక్తనాళాలు పుడతాయి. వాటి మీదుండే ఒక ప్రొటీన్‌ని ఇది పట్టుకుంటుంది. దీనికి టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం తగిలించి ఎక్కిస్తారు. మేం ఎముకల స్కాన్‌కి వాడేదీ అదే, ప్రతి ఆరు గంటలకూ సగమవుతూ పోతుంది. కడుపు లోపలి పొర మీద పల్చగా ఉండే మచ్చలు ఎమ్మారైకి చాలాసార్లు చిక్కవు. ఇది వాటిని చూపిస్తుందని ఆశ.

కానీ ఆ పరిశోధనలో ఉన్నది 19 మందే. స్కాన్ తర్వాత అందరికీ ఆపరేషన్ చేసి పోల్చి చూశారు, అంటే అక్కడా కోత తప్పలేదు. 16 మందికి స్కాన్, ఆపరేషన్ ఫలితాలు సరిపోయాయి. మిగతా ముగ్గురికీ జబ్బు ఉంది, స్కాన్‌లో రాలేదు. రేపు మీకు అలాంటి స్కాన్ క్లీన్‌గా వచ్చినా, మీ నొప్పి అబద్ధమని ఎవరన్నా ఒప్పుకోకండి. ప్రస్తుతం ఇది ట్రయల్స్‌లోనే, మామూలుగా ఎక్కడా చేయరు.

పద్మ, విజయవాడ:
అమ్మాయ్, నాకు 2023లో ల్యాపరోస్కోపీ అయింది. మూడు చిన్న గాట్లు, మర్నాడు ఇంటికొచ్చేశాను. పొట్టలో నింపే గ్యాస్ వల్ల రెండు రోజులు భుజం పీకింది. అలా అవుతుందని ముందు ఎవరూ చెప్పక గుండెపోటేమోనని ఏడ్చాను. అయితే యూరప్ నిపుణుల 2022 మార్గదర్శకాల ప్రకారం ఆపరేషన్ కంటే ముందు హార్మోన్ మాత్రలు వాడి చూడొచ్చు. ఆ మాట అడుగు. పిల్లల కోసం చూస్తుంటే మాత్రం ముందే చెప్పు, ఆ మాత్రలు వాడినన్నాళ్లూ గర్భం రావడం కష్టం.

శైలు, రెడింగ్:
పిల్లల కోసమే చూస్తున్నాం అక్కా, ఇందాక రాయడానికి సిగ్గేసింది. మంగళవారం అపాయింట్‌మెంట్. మావారూ వస్తున్నారు. ఆపరేషన్‌లో మచ్చలు కనబడితే అప్పుడే తీసేస్తారా అని మొదట అడుగుతాను. భుజం సంగతి కాగితం మీద రాసిపెట్టుకున్నాను.