అప్‌డేట్: చివరికి స్టీల్ ఫ్రేమ్ సైకిలే తీసుకున్నా

కోవూరు నుంచి నెల్లూరు ఆఫీసుకి, ఆదివారాలు మైపాడు బీచ్‌కి పనికొచ్చే గట్టి సైకిల్ ఏదని పోయిన నెల అడిగాను కదా. స్టీల్ ఫ్రేమ్ టూరింగ్ సైకిల్ (సామాను కట్టుకుని దూరాలు వెళ్లే రకం) తీసుకున్నా. బరువే, కానీ గట్టిది: చక్రానికి 36 స్పోకులు, 38 ఎంఎం వెడల్పు టైర్లు. పెన్నా బ్రిడ్జి అతుకుల మీద మునుపటిలా చేతులు అదరడం లేదు. లాప్‌టాప్ బ్యాగు వెనక క్యారియర్‌కి తగిలిస్తున్నా, వీపంతా చెమట పట్టే బాధ పోయింది.

మొదటి వారంలోనే వెనక చక్రం బెండు తిరిగింది. భయపడ్డా. కొత్త స్పోకులు సర్దుకునేటప్పుడు మామూలేనని షాపాయన బెండు తీసి బిగించాడు. ఆ తర్వాత ఇబ్బంది లేదు.

మైపాడు వెళ్లొచ్చిన రోజు మాత్రం చైన్ తుడిచి ఆయిల్ వేయాల్సిందే, ఉప్పుగాలికి తుప్పు తొందరగా పడుతుంది. కొనేముందు సైకిల్‌కి చెరోవైపు కాలు వేసి నిలబడి, ఫ్రేమ్ పై రాడ్డుకీ కాళ్ల సందుకీ మధ్య గ్యాప్ చూసుకోమని అప్పుడు చెప్పిన అన్నకి చాలా థాంక్స్. ఆ మాట వినే ఫ్రేమ్ ఒక సైజు చిన్నది తీసుకున్నా.