0.722 ఈబిట్లున్న స్థితి నుంచి బెల్ జత 40 శాతమే ఎందుకు వస్తోంది?

ప్రశ్న:
√0.8 |00⟩ + √0.2 |11⟩ అనే శుద్ధ స్థితిలో ఒక క్యూబిట్ ఎంట్రోపీ లెక్కిస్తే 0.722 ఈబిట్లు (ఒక ఈబిట్ అంటే ఒక బెల్ జతలో ఉండేంత ఎంటాంగిల్‌మెంట్, అంటే క్యూబిట్ల మధ్య క్వాంటం ముడి). ఎవరి వైపు వాళ్ళు ఆపరేషన్లు చేసుకుని, మామూలు సందేశాలు పంపుకుంటూ దీన్ని బెల్ జతగా (రెండు పదాలూ సమానంగా ఉండే, పూర్తిగా పెనవేసుకున్న జత) మార్చబోతే సంభావ్యత 0.4 దాటట్లేదు. ఫిల్టర్ తప్పుగా కట్టానా?

జవాబు 1:
ఫిల్టర్ సరిగ్గానే ఉందండి. ఒక్క కాపీకి 2 × 0.2 = 0.4 గరిష్ఠ హద్దు. విడాల్ 1999లో నిరూపించింది ఇదే. ఒకసారి సరిచూసుకోండి: మీ క్యూబిట్ 0 అయినప్పుడు మాత్రమే సహాయక క్యూబిట్ వై అక్షం మీద 120° తిరగాలి. దాన్ని కొలిస్తే 0 వచ్చిందా, 0.8 కాస్తా 0.2 అయి రెండు పదాలూ సమానం. 1 వస్తే మిగిలేది |00⟩, పారేయడమే. గేటు సగం కోణమే తిప్పుతుందని మరచి 60° ఇస్తే 0.8 తగ్గి 0.6 దగ్గరే ఆగుతుంది, బెల్ జత రాదు.

0.722 అనేది లెక్కలేనన్ని కాపీలను కలిపి వాడితే ఒక్కోదానికి పడే వాటా. రెండు కాపీలను విడివిడిగా ఫిల్టర్ చేస్తే కనీసం ఒక జత దక్కే అవకాశం 1 − 0.6² = 0.64, కలిపి చేస్తే (1 − 0.8²)/0.5 = 0.72. నాలుగు కాపీలుంటే 0.8⁴ = 0.4096, సగం కన్నా తక్కువ. బెల్ జత తప్పకుండా రావాలంటే అతి పెద్ద పదం సంభావ్యత సగం దాటకూడదు; ఈ నీల్సన్ షరతు తీరింది కాబట్టి ఒక జత ఖాయం.

0.722కి చేరువ కావాలంటే బెనెట్ బృందం 1996లో చెప్పిన సాంద్రీకరణ (చాలా కాపీల ఎంటాంగిల్‌మెంట్‌ను కొన్ని బెల్ జతల్లోకి చేర్చడం) చేయాలి: ఎన్ని 1లు ఉన్నాయో కొలవాలి, అవి ఎక్కడున్నాయో మాత్రం బయటపడకూడదు. క్యూబిట్లను ఒక్కొక్కటిగా కొలిచి కూడితే ఎంటాంగిల్‌మెంట్ మొత్తం పోతుంది. 10 కాపీల్లో 7.22కి సగటున 4.88 ఈబిట్లు దక్కుతాయి, 100 కాపీల్లో 72.2కి దాదాపు 68. పోయేది ఆ లెక్కింపు ఫలితపు ఎంట్రోపీ; అది లాగరిథమ్‌లా నెమ్మదిగా పెరుగుతుంది కనుక ఒక్కో కాపీకి నష్టం సున్నా వైపు వెళుతుంది.

ప్రశ్న అడిగినవారు:
10 కాపీల్లో రెండు 1లు వస్తే 45 సమాన పదాలు. 45 రెండు ఘాతం కాదు కదా, జతలుగా ఎలా తీయాలి?

జవాబు 1:
5 జతలంటే 2⁵ = 32 సమాన పదాలు; 1/45 కన్నా 1/32 పెద్దది. అదే నీల్సన్ షరతు ప్రకారం 5 జతలు తప్పకుండా వస్తాయి. 45 పదాలంటే 5.49 ఈబిట్లు, పైన మిగిలిన 0.49 వదులుకోవాలి.

జవాబు 2:
ఇదంతా శుద్ధ స్థితులకే. నాయిస్ కలిస్తే ఒక్క కొలమానం చాలదు. ఫిడెలిటీ (బెల్ జతకు ఎంత దగ్గరో చెప్పే అంకె) 0.9 ఉన్న వెర్నర్ స్థితి (అన్ని వైపులా సమానంగా నాయిస్ కలిసిన బెల్ జత) తీసుకోండి: ఎంటాంగిల్‌మెంట్‌కు మరో కొలమానమైన కాంకరెన్స్ 0.8, దాన్ని ఈబిట్లలోకి మార్చే వూటర్స్ సూత్రంతో 0.722 ఈబిట్లు, మీ అంకే. కానీ అది తయారీ వైపు లెక్క, అంటే ఆ స్థితిని చేయడానికి పట్టే ఈబిట్లు. తిరిగి పిండేటప్పుడు హాషింగ్ పద్ధతి (కొన్ని జతలను కొలిచి మిగతావాటి తప్పులు కనిపెట్టి దిద్దడం) ఒక్కో జతకు హామీ ఇచ్చేది 0.373 మాత్రమే, ఫిడెలిటీ 0.81 కిందికి జారితే అదీ సున్నా. అప్పుడు ముందు రెండేసి జతలతో శుద్ధి చేయాలి: 0.9 దగ్గర ఒక రౌండు 0.876 సంభావ్యతతో నెగ్గి ఫిడెలిటీని 0.926 చేస్తుంది, నెగ్గినా ఒక జత ఖర్చే. ఫిడెలిటీ 0.5 పైన ఉన్నంతవరకు ఈ దారి పనిచేస్తుంది. రెండు వైపులా మూడు స్థాయిలుండే వ్యవస్థల్లోనైతే, ఎంటాంగిల్‌మెంట్ ఉన్నా ఒక్క బెల్ జత కూడా తీయలేని స్థితులున్నాయని హొరొడెకీలు 1998లో చూపారు. అందుకే ఈబిట్ల అంకె రాసినప్పుడు అది తయారీ ఖర్చా, రాబడా అన్నది పక్కనే రాయండి.