పాత గ్రాండ్ విటారా సస్పెన్షన్ పార్టులు వైజాగ్‌లో దొరుకుతాయా?

నాది 2010 గ్రాండ్ విటారా 2.4, జపాన్ నుంచి దిగిన ఫోర్ వీల్ డ్రైవ్ బండి. సింహాచలం ఘాట్ దిగుతుంటే ముందు కుడివైపు టక్ టక్. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే కింది చేయి) బుష్, అంటే దాని కీలు దగ్గరి రబ్బరు, చిరిగి వేలు దూరేంత సందు పడింది. షాక్ అబ్జార్బర్లకి ఉప్పుగాలి తుప్పు సరేసరి. ఆటోనగర్‌లో పేరు చెబితే 2022 మోడల్ పార్టు చేతిలో పెడుతున్నారు!

జవాబు 1: అన్నా, పేరు ఒకటే గానీ అది ఇక్కడ తయారయ్యే వేరే బండి. ఛాసిస్ నంబర్ ఇచ్చి పార్ట్ నంబర్ తీయించండి. షాకులు మాత్రం జతగానే మార్చండి.

జవాబు 2: బండి లిఫ్టు మీద వేలాడుతుండగా బుష్ బోల్టులు పూర్తిగా బిగించనివ్వకండి. చక్రాలు నేలకి ఆనాకే ఫైనల్ టైట్. లేకపోతే రబ్బరు మెలితిరిగిపోతుంది. నాకు ఆరు నెలలకే చిరిగింది.

అడిగినవారు: అయ్యో, పోయినేడు మార్పించినప్పుడు లిఫ్టు మీదే బిగించేశారండీ!