యూఎన్‌హెచ్‌సీఆర్ (ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ) కార్డున్న కుటుంబానికి ఇల్లు అద్దెకివ్వడం ఎలా?

విజయవాడ పటమటలో మా పైపోర్షన్‌ను ఒక సూడాన్ కుటుంబానికి ఇద్దామనుకుంటున్నాం. ఆ ఇంటాయన మా అబ్బాయి క్లాస్‌మేట్. 2023 ఏప్రిల్‌లో అక్కడ యుద్ధం మొదలయ్యాక తిరిగి వెళ్లలేకపోయారు. నలుగురికీ యూఎన్‌హెచ్‌సీఆర్ ఢిల్లీ ఆఫీసు ఇచ్చిన శరణార్థి కార్డులున్నాయి, వాటి గడువు ఇంకా తీరలేదు. పాస్‌పోర్టులు, వీసాలకే గడువు తీరిపోయింది.

విదేశీయులు ఇంట్లో దిగిన 24 గంటల్లోపు ఓనరే వాళ్ల వివరాలతో ఆన్‌లైన్‌లో ఫారం-3 (పాత సీ-ఫారం) పెట్టాలి కదా. వీసా వివరాలు అడిగేచోట ఆగిపోయాను, కార్డు నంబరు వేసే గడి నాకు కనిపించలేదు. స్టేషన్‌కు వెళ్తే ఆధార్ తెమ్మన్నారు (వాళ్లకి ఆధార్ ఎక్కడిదండీ!). మెయిల్ పెట్టినా జవాబు లేదు. అగ్రిమెంట్ రాసే లాయరు ముందు ఫారం తెమ్మంటున్నారు. వాళ్లను ఈ నెలాఖరుకి ఇప్పుడున్న ఇల్లు ఖాళీ చేయమన్నారట, అదే టెన్షన్.

ఇలాంటి కార్డున్నవాళ్లకి అద్దెకిచ్చిన ఓనర్లెవరైనా ఉంటే, ఆ ఫారంలో వీసా వివరాల దగ్గర మీరు ఏం నింపారో చెప్పగలరా?